బీమా మధ్యవర్తి ఎవరి మనిషి?

దశాబ్దాలుగా మన రైళ్ళు పరుగెత్తుతున్న పట్టాలు భిలాయిలో తయారైనవి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడ ఉక్కు కర్మాగారం నిర్మాణమౌతున్న రోజులలో, పనికి వచ్చిన కూలీల కోసం వెలసిన బస్తీలలో ఒకటి క్యాంప్ 2. భిలాయి పవర్‌హౌస్ స్టేషనులో దిగి నడిచిపోదగిన దూరంలో ఉన్నది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకొని వెళ్ళిన తెలుగు కుటుంబాలు తరాల తరబడి అక్కడ స్థిరపడి ఉన్నాయి. ఉక్కు కర్మాగారంలోనే గాక భిలాయి మార్షలింగ్ యార్డులోను, తపాలా కార్యాలయాలలోను వారి బిడ్డలు పనిచేస్తున్నారు.

ఇటీవల సంఘ కార్యనిమిత్తం మేము క్యాంప్ 2కు వెళ్ళినప్పుడు, యార్డులో ట్రాక్‌మన్‌గా పనిచేస్తూ మరణించిన ఒక సోదరుని భార్య రేకు పెట్టె ఒకటి తెచ్చి మా ముందు ఉంచినది. అందులో రెండు బీమా పాలసీలు ఉన్నవి. మొదటిది తపాలా జీవిత బీమా. దాని ప్రీమియం నెలనెలా జీతంలో కోత పడేది. ఆ సొమ్ము ఆమె చేతికి వచ్చినది. రెండవది ఒక ప్రైవేటు కంపెనీ పాలసీ. దాని ప్రీమియాన్ని, 'ఇన్సూరెన్సు బ్రోకరు'నని చెప్పుకొంటూ బస్తీలో తిరిగే ఒక యువకుని చేతికి రొక్కంగా ఇస్తూ వచ్చారు. చివరి రెండు వాయిదాలకు కంపెనీ రసీదు లేదు. నోటుపుస్తకపు కాగితం మీద తారీఖు, అంకె, ఒక పొట్టి సంతకం మాత్రమే ఉన్నవి. ఆ డబ్బు కంపెనీకి చేరలేదు. పాలసీ లాప్సు అయినది. రసీదు ఎందుకు అడగలేదమ్మా అని మేము ప్రశ్నించగా ఆమె చెప్పిన సమాధానం ఇది: "ఆ బాబు మన సిక్కోలు వాడే కదా అన్నయ్యా! పిన్నీ పిన్నీ అని ఇంటికి వచ్చేవాడు. మనవాణ్ణి పట్టుకొని రసీదు ఇమ్మని ఎలా అడుగుతాం?"

ఈ సమాధానాన్ని అమాయకత్వమని తోసిపుచ్చడానికి వీలులేదు. మొహమాటం చదువుకున్నవారిలోనూ తక్కువేమీ కాదు. పార్సిల్ గుమాస్తా రసీదు రాయనిదే బస్తా కదలనివ్వడు. తపాలా గుమాస్తా మనియార్డరు పుచ్చుకొని రసీదు ఇవ్వకుండా పంపించడు. ఉద్యోగ జీవితమంతా ఇతరులకు రసీదులు రాసి ఇచ్చే మనమే, మన పిల్లల భవిష్యత్తు కోసం కూడబెట్టిన సొమ్మును రసీదు లేకుండా చేతిలో పెడుతున్నాము. అందువల్ల బీమా మధ్యవర్తి విషయంలో ప్రతి ఉద్యోగి వేసుకోవలసిన మొదటి ప్రశ్న, అతడు మనవాడా కాదా అన్నది కాదు. చట్టం దృష్టిలో అతడు ఎవరి మనిషి అన్నది.

ఈ ప్రశ్నకు మన అత్యున్నత న్యాయస్థానం వేర్వేరు సందర్భాలలో ఇచ్చిన సమాధానాలను పరిశీలించడం అవసరం.

మొదటిది 1997 నాటి తీర్పు. ఒక పాలసీదారు గడువు దాటిన ప్రీమియం నిమిత్తం 1987 జూన్‌లో జీవిత బీమా సంస్థ ఏజెంటుకు బేరర్ చెక్కు ఇచ్చినాడు. చెక్కు వెంటనే సొమ్ముగా మారినది. కాని ఆ సొమ్ము సంస్థకు జమ కాలేదు. ఆగస్టు 9న పాలసీదారు ప్రమాదంలో మరణించినాడు. ఆ మరునాడు ఏజెంటు ప్రీమియం జమ చేసినాడు. ప్రీమియం వసూలు చేసే అధికారం ఏజెంటుకు లేదని 1972 నాటి ఏజెంట్ల నిబంధనలు చెప్పుచున్నందున, అతని చేతికి ఇచ్చిన సొమ్ము సంస్థకు ఇచ్చినట్లు కాదని సుప్రీంకోర్టు తీర్మానించినది. అనగా పాలసీ అమ్మేటప్పుడు ఏజెంటు కంపెనీ మనిషి; మన డబ్బు పుచ్చుకొనేటప్పుడు మాత్రం, కంపెనీ ప్రత్యేకంగా అధికారం ఇచ్చి ఉంటే తప్ప, అతడు కేవలం మనం డబ్బిచ్చి పంపిన దూత. దారిలో ఆ డబ్బు ఏమైనా నష్టం మనదే. క్యాంప్ 2 సోదరికి జరిగినది ఇదే.

రెండవది 1999 నాటి తీర్పు. ఢిల్లీ విద్యుత్ సరఫరా సంస్థలో ఒక ఉద్యోగి జీతం నుంచి పొదుపు పథకం కింద బీమా ప్రీమియం కోత వేసేవారు. యాజమాన్యం కోత వేసిన సొమ్మును బీమా సంస్థకు పంపలేదు. ఉద్యోగి మరణించగా పాలసీ లాప్సు అయినదని బీమా సంస్థ చెల్లింపును నిరాకరించినది. ఈ పథకంలో ప్రీమియం వసూలు చేసే నిమిత్తం యాజమాన్యమే బీమా సంస్థకు ఏజెంటు వంటిదని, జీతంలో కోత పడిన తరువాత ఉద్యోగి బాధ్యత తీరిపోయినదని, బీమా సంస్థ చెల్లించవలసిందేనని సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. జీతపు చీటీలో అచ్చయిన ఒక్క కోత వరుసకు ఎంతటి విలువ ఉన్నదో ఈ తీర్పు వల్ల తేటతెల్లమౌతున్నది. ఆ చీటీలను చిత్తు కాగితాలుగా పారవేయరాదు.

మూడవది 2019 నాటి తీర్పు. ఒక వ్యక్తి 2009 జూలైలో ఒక కంపెనీ వద్ద, సెప్టెంబరులో మరొక కంపెనీ వద్ద పాలసీలు తీసుకొని 2010 ఫిబ్రవరిలో మరణించినాడు. ఇతర పాలసీలు ఏమైనా ఉన్నవా అన్న ప్రశ్న వద్ద రెండవ కంపెనీ ప్రతిపాదన పత్రంలో మొదటి పాలసీ సంగతి చెప్పలేదు. కంపెనీ చెల్లింపు నిరాకరించడాన్ని కోర్టు సమర్థించినది. చదవకుండా, అర్థం చేసుకోకుండా సంతకం చేశానన్న వాదన సాధారణంగా సంతకం చేసినవారిని కాపాడజాలదని చెప్పినది. మన ఇళ్ళలో జరిగేదేమిటి? ఇంగ్లీషులో ఉన్న పది పేజీల పత్రాన్ని ఏజెంటు నింపుతాడు. మనం పెన్సిలు గుర్తు పెట్టిన చోట సంతకం చేస్తాము. చక్కెర వ్యాధి ఉన్నదని చెబితే, "అదంతా నేను చూసుకొంటాను, రాస్తే ప్రీమియం పెరుగుతుంది" అంటాడు. అతడు రాసిన అబద్ధం మన సంతకంతో మన అబద్ధమైపోతుంది. అతని కమీషను అతనికి ముట్టుతుంది. శిక్ష మన భార్యాబిడ్డలు అనుభవిస్తారు.

1938 బీమా చట్టంలోని 45వ సెక్షను, 2015లో సవరించిన మీదట, మూడేళ్ళు నిండిన జీవిత బీమా పాలసీని ఏ కారణం చేతనూ ప్రశ్నించరాదని చెబుతున్నమాట నిజమే. కాని మృత్యువు మూడేళ్ళు వేచి ఉండునని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక బ్రోకరు సంగతి. తెలుగులో ఈ మాటకు మర్యాద తక్కువ. సంతలో పశువుల బేరం కుదిర్చేవానికి, ఇళ్ళ స్థలాల దళారీకి, కార్యాలయాల ముందు తిరిగే పైరవీకారునికి కూడా ఇదే పేరు. కాని బీమా చట్టంలో బ్రోకరు అనగా వేరు. 1956లో 245 బీమా కంపెనీలు, ప్రావిడెంటు సొసైటీల వ్యాపారాన్ని జాతీయం చేసి జీవిత బీమా సంస్థను, 1973 జనవరి 1 నుంచి 107 సాధారణ బీమా కంపెనీలను విలీనం చేసి నాలుగు ప్రభుత్వ కంపెనీలను ఏర్పాటు చేసిన తరువాత, ఎన్నో కంపెనీల పాలసీలను పోల్చి చెప్పే మధ్యవర్తి అవసరం సామాన్యునికి లేకపోయినది. 1999 చట్టంతో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. కంపెనీలు పెరిగినవి, పాలసీల పేర్లు అంతకంటె పెరిగినవి. 2002లో తొలిసారిగా బీమా బ్రోకర్ల నిబంధనలు వచ్చినవి. ప్రస్తుతం అమలులో ఉన్నవి 2018 నాటివి.

ఈ నిబంధనల ప్రకారం ఏజెంటుకు, బ్రోకరుకు ఉన్న భేదం మౌలికమైనది. వ్యక్తిగత ఏజెంటు ఒక జీవిత బీమా కంపెనీకి, ఒక సాధారణ బీమా కంపెనీకి, ఒక ఆరోగ్య బీమా కంపెనీకి మాత్రమే పనిచేయగలడు. అతడు కంపెనీ ప్రతినిధి. బ్రోకరు ఖాతాదారు ప్రతినిధి. ఏ కంపెనీ పాలసీనైనా తెచ్చి చూపవచ్చును. మన అవసరం తెలుసుకొని, ధరలు తెప్పించి, పోల్చి సలహా చెప్పడం, క్లెయిము సమయంలో తోడ్పడడం అతని విధులు. తన పొరపాటు వల్ల ఖాతాదారుకు నష్టం కలిగితే భరించుటకు వృత్తి బాధ్యతా బీమా కూడా తీసుకొని ఉండవలెను. అయితే ఒక విషయం మరువరాదు. బ్రోకరు మన మనిషి అయినా, అతనికి ప్రతిఫలం ముట్టేది కంపెనీ నుంచే. 2023లో ఒక్కొక్క పాలసీ రకానికి విడివిడిగా ఉన్న కమీషను పరిమితులను కూడా తొలగించి, మొత్తం ఖర్చుల హద్దుకు లోబడి కంపెనీలే నిర్ణయించుకోవచ్చునన్నారు. కనుక ఎక్కువ కమీషను వచ్చే పాలసీ వైపు మొగ్గు చూపే ప్రలోభం అతనికీ ఉంటుంది. మీ కమీషను ఎంత అని అడిగితే బ్రోకరు చెప్పవలసి ఉన్నదని ప్రవర్తనా నియమావళి చెబుతున్నది. అడగడం మన హక్కు.

మరొక ముఖ్య విషయం. ఒంటరి వ్యక్తి బీమా బ్రోకరు కాజాలడు. నమోదైన కంపెనీయో, పరిమిత బాధ్యతా భాగస్వామ్య సంస్థయో, సహకార సంఘమో మాత్రమే బ్రోకరుగా రిజిస్ట్రేషను పొందగలదు. నేరుగా బీమా ఇప్పించే బ్రోకరుకు 75 లక్షల రూపాయల కనీస మూలధనం ఉండవలెను. 2018 నిబంధనలు రిజిస్ట్రేషనుకు మూడేళ్ళ గడువు పెట్టినవి. కనుక ఎవరైనా సైకిలు దిగి, "నేను బ్రోకరును" అంటే, "ఏ బ్రోకరు సంస్థ? రిజిస్ట్రేషను నంబరు ఎంత? ఎంతవరకు చెల్లుతుంది?" అని వెంటనే అడగవలెను. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం గల బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐ.ఆర్.డి.ఎ.ఐ.) వద్ద నమోదైన బ్రోకర్ల జాబితా ఉన్నది. అందులో పేరు లేనివానితో మాట్లాడవలసిన పని లేదు. ఆ ప్రాధికార సంస్థ పేరు చెప్పి బోనసు వచ్చినదని ఫోను చేసేవారిని అసలే నమ్మరాదు. ప్రాధికార సంస్థ పాలసీలు అమ్మదు, బోనసులు పంచదు.

మంచి మధ్యవర్తిని గుర్తించడానికి పాండిత్యం అవసరం లేదు. మొదటి సమావేశంలో అతడు ఏమి అడుగుతున్నాడో చూడండి. మీ వయస్సు, జీతం, అప్పులు, మీ మీద ఆధారపడినవారు, ఇప్పటికే ఉన్న బీమా, జబ్బులు, ఇవి అడిగిన తరువాత పాలసీ పేరు ఎత్తినవాడు ఒక రకం. కూర్చోగానే "ఇరవై ఏళ్ళలో డబ్బు రెట్టింపు" అనేవాడు మరొక రకం. రెండవవానికి మంచినీళ్ళిచ్చి పంపివేయడం క్షేమం. మొదటి ప్రీమియంలో కొంత నేనే భరిస్తానన్నవాడు చట్టాన్ని అతిక్రమిస్తున్నాడు. అట్టి రాయితీ ఇవ్వడమే గాక పుచ్చుకోవడం కూడా 41వ సెక్షను కింద నిషేధం. జరిమానా పది లక్షల రూపాయల వరకు ఉండవచ్చును.

పని మొదలైన తరువాత పాటించవలసినవి కొన్ని ఉన్నవి. కనీసం రెండు కంపెనీల వివరాలు కాగితం మీద రాసి ఇమ్మనండి. ప్రతిపాదన పత్రం మీ ఎదుట, మీ భాషలో చదివించుకొని, ఉన్న జబ్బు ఉన్నట్లు రాయించి, సంతకం చేసిన పత్రం నకలు ఉంచుకోండి. ప్రీమియాన్ని కంపెనీ పేర చెక్కుగా గాని, కంపెనీ ఖాతాకు నేరుగా గాని, జీతపు కోతగా గాని మాత్రమే చెల్లించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై జి.ఎస్.టి. తొలగించారు, ఆ పేర అదనంగా అడిగితే ఇవ్వకండి. పాలసీ చేతికి వచ్చిన రోజున తారీఖు వేసి పెట్టుకోండి. మధ్యవర్తి చెప్పినది ఒకటి, కాగితంలో ఉన్నది మరొకటి అయితే, 30 రోజులలోగా వాపసు చేసే హక్కు కలదు. నామినీ పేరు, ఆమె వయస్సు సరిగా ఉన్నవో లేవో చూడండి. పెళ్ళికి ముందు తల్లి పేర రాసి, ఆ తరువాత మార్చని పాలసీలు మన సభ్యులలో కొల్లలు.

అన్నిటికంటె ముందు, మనకు ఇప్పటికే ఉన్నదేమిటో తెలుసుకోవలెను. 1982 జనవరి 1 నుంచి అమలులో ఉన్న కేంద్ర ప్రభుత్వోద్యోగుల గ్రూపు బీమాలో గ్రూప్ సి ఉద్యోగికి నెలకు 30 రూపాయల కోతకు లభించే బీమా 30,000 రూపాయలు. ఇది నేటి ఖర్చులకు ఏ మూలకూ రాదు. దీనిని పెంచాలన్న కోర్కె న్యాయమైనది. 2025 సెప్టెంబరులో రైల్వే శాఖ స్టేట్ బ్యాంకుతో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, ఆ బ్యాంకులో జీతపు ఖాతా ఉన్న రైల్వే ఉద్యోగికి ప్రమాద మరణమైతే కోటి రూపాయలు, సహజ మరణమైతే పది లక్షలు, ప్రీమియం లేకుండానే వర్తిస్తాయని ప్రకటించారు. మీ ఖాతా జీతపు ఖాతాగా నమోదై ఉన్నదా? మీ ఇంట్లో ఈ సంగతి తెలిసినవారు ఉన్నారా? తపాలా జీవిత బీమా 1884 ఫిబ్రవరి 1న తపాలా ఉద్యోగుల సంక్షేమం కోసమే ఆరంభమైనది. 1894లోనే, మరే బీమా సంస్థా స్త్రీలకు పాలసీ ఇవ్వని రోజులలో, తపాలా తంతి శాఖ మహిళా ఉద్యోగులకు బీమా ఇచ్చినది. నేడు రైల్వే ఉద్యోగులు సహా ప్రభుత్వోద్యోగులకు 50 లక్షల వరకు ఇస్తున్నది. ఇంట్లో ఉన్న ధాన్యం కొలుచుకోకుండా బజారుకు వెళ్ళడం తెలివైన పని కాదు.

తపాలా సోదరులకు ప్రత్యేకంగా ఒక మాట. బీమా కొనేవారమే కాదు, అమ్మేవారము కూడా మనమే. తపాలా జీవిత బీమా, 1995లో మొదలైన గ్రామీణ తపాలా జీవిత బీమా, ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ద్వారా ప్రైవేటు కంపెనీల ప్రమాద బీమా, వీటన్నిటి లక్ష్యాల భారం పోస్ట్‌మన్ మీద, గ్రామీణ డాక్ సేవక్ మీద పడుతున్నది. లక్ష్యాల పేర జరిగే వేధింపును మనం ప్రతిఘటించవలసిందే. కాని ఆ ఒత్తిడిని గుమ్మంలో నిలబడిన పేద మనిషి మీదకు నెట్టరాదు. ఖాకీ సంచిని చూసి ఆమె డబ్బు ఇస్తున్నది. అమ్మినప్పుడు రసీదు ఇచ్చి, రెండవ వాయిదా కట్టకపోతే ఏమవుతుందో కూడా చెప్పడం మన ధర్మం.

అదేవిధంగా ఏజెంట్లందరినీ మోసగాళ్ళని నిందించడం మా ఉద్దేశం కాదు. జీతం లేక, కమీషను మీద బతుకుతూ, ఎండలో తిరిగి లక్షల కుటుంబాలకు బీమా అలవాటు చేసినవారు వారే. దోషం ప్రధానంగా అమ్మకానికే గాని సలహాకు విలువ కట్టని పద్ధతిలో ఉన్నది. 2004-05 నుంచి 2011-12 వరకు లాప్సు అయిన పాలసీల వల్ల మదుపుదారులు కోల్పోయినది సుమారు లక్షన్నర కోట్ల రూపాయలని ఆర్థిక పరిశోధకులు అంచనా వేసినారు. 2010 సెప్టెంబరులో యూలిప్ పాలసీల నిబంధనలు కఠినం చేసేనాటికే ఎంతో నష్టం జరిగిపోయినది. విదేశీ పెట్టుబడి పరిమితిని 26 నుంచి 49కి, 2021లో 74 శాతానికి పెంచడంలో చూపిన ఉత్సాహం, పాలసీదారుకు అర్థమయ్యే భాషలో ఒక పత్రం ఇప్పించడంలో కూడా చూపవలసి ఉండెను.

అన్యాయం జరిగినప్పుడు మార్గం లేకపోలేదు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవలెను. నెల రోజులలో సమాధానం రాకపోయినా, వచ్చినది తృప్తికరంగా లేకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు దరఖాస్తు పెట్టవచ్చును. ఛత్తీస్‌గఢ్ వారికి భోపాల్ కార్యాలయం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారికి హైదరాబాదు కార్యాలయం. రుసుము లేదు, వకీలు అక్కరలేదు; 50 లక్షల రూపాయల వరకు తీర్పు చెప్పే అధికారం ఉన్నది. 2021 నుంచి బ్రోకర్లపై ఫిర్యాదులు కూడా స్వీకరిస్తున్నారు. 155255 నంబరుకు ఫోను చేసి ప్రాధికార సంస్థకు ఫిర్యాదు నమోదు చేయించవచ్చును. కాని ఏ కార్యాలయమైనా మొదట అడిగేది కాగితమే.

అందుచేత శాఖా సంఘాలకు మా విజ్ఞప్తి. ఏడాదిలో ఒక సాయంత్రం ఈ పనికి కేటాయించండి. సభ్యులను కుటుంబ సమేతంగా, పాలసీ కాగితాలతో రమ్మనండి. లాప్సు అయినవి ఏవి, నామినీ మారవలసినవి ఏవి, జీతపు చీటీలో కోత పడుతున్నవి ఏవి అని ఒక్కొక్కటీ చూసి, ఒక జాబితా రాసి భార్య చేతికి, ఎదిగిన బిడ్డ చేతికి ఇవ్వండి. విశ్రాంత సభ్యులకు ఆరోగ్య బీమా సమష్టిగా తీసుకోదలచిన శాఖలు రిజిస్టరైన బ్రోకరు ద్వారా పలు కంపెనీల ధరలు తెప్పించుకొని సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించవలెను. ప్రతి సభ్యునికి విడిగా బీమా ధ్రువపత్రం ఇప్పించవలెను. సంఘ నాయకుడైనా సరే, రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా వసూలు చేయరాదు.

క్యాంప్ 2 సోదరి పక్షాన కంపెనీకి ఫిర్యాదు రాసి పంపినాము. నోటుపుస్తకపు కాగితాలు తప్ప ఆధారం లేనందున ఫలితం ఏమగునో చెప్పలేము. ఆ యువకుడు నిజంగానే సిక్కోలు వాడు. రసీదు అడిగి ఉంటే, అతడు కూడా బహుశా ఆ డబ్బు మర్నాడే కట్టి ఉండేవాడు. రసీదు అడగడం మనవాణ్ణి అవమానించడం కాదు. అతడు మనవాడుగానే మిగిలేటట్లు చూసుకోవడం.